లింకు వెనక ఫైలు మారితే ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. కాన్ఫిగ్ ఫైలు మార్చాం, సర్వర్ మాత్రం పాత విలువలతోనే నడుస్తోంది. ఈ ఫిర్యాదు రాగానే ముందు చూడాల్సింది ఒకటే: ఆ పేరు వెనక ఉన్నది మామూలు ఫైలా, లింకా?

లినక్స్‌లో ఫైలు మారిందన్న కబురు ప్రోగ్రామ్‌కు చేరవేసేది ఐనోటిఫై. 2005లో 2.6.13 కెర్నల్‌తో వచ్చింది. మనం దానికి ఒక పాత్ ఇచ్చి చూడమంటాం, దాన్నే వాచ్ అంటారు. అది పంపే కబురు ఈవెంట్. ఆ క్షణంలో ఆ పాత్ ఏ ఐనోడ్‌కు (పేరుతో సంబంధం లేకుండా ఫైలును గుర్తించే రికార్డు) చేరితే దాన్నే అది పట్టుకుంటుంది. తర్వాత ఆ పేరు ఇంకో ఫైలుకు మారినా దానికి పట్టదు. చిక్కులన్నీ ఇక్కడే పుడతాయి.

హార్డ్ లింకు, అంటే అదే ఐనోడ్‌కు ఇంకో పేరు, దాని సంగతి చూడండి. 'ఇల్లు' ఫోల్డర్‌లోని 'జాబితా'కు 'ఆఫీసు' ఫోల్డర్‌లో ఒక హార్డ్ లింకు పెట్టాం. వాచ్ నేరుగా ఇల్లు/జాబితా మీద ఉంటే, ఆఫీసు/జాబితా ద్వారా రాసినా ఈవెంట్ వస్తుంది, ఐనోడ్ ఒకటే కాబట్టి. అదే వాచ్ 'ఇల్లు' ఫోల్డర్ మీద ఉంటే ఆఫీసు వైపు నుంచి రాసింది అసలు కనబడదు. వాచ్ ఫైలు మీదే ఉండి, రెండు పేర్లలో ఒకదాన్ని చెరిపేస్తే వచ్చేది ఇన్_యాట్రిబ్ (ఫైలు వివరాలు మారాయనే ఈవెంట్) మాత్రమే. చివరి పేరూ పోయి, ఫైలును తెరిచి ఉంచినవాళ్లంతా మూసేశాకే ఇన్_డిలీట్_సెల్ఫ్ (ఫైలే పోయిందనే ఈవెంట్) వస్తుంది.

సింబాలిక్ లింకు (ఇంకో పాత్‌ను చూపించే చిన్న ఫైలు) ఇస్తే ఐనోటిఫై దాని వెంట వెళ్లి అసలు ఫైలునే చూస్తుంది. లింకునే చూడాలంటే ఇన్_డోంట్_ఫాలో ఫ్లాగ్ ఇవ్వాలి. లింకు ఉన్న ఫోల్డర్‌ను చూస్తే సరిపోతుందనుకోవద్దు: టార్గెట్ వేరే ఫోల్డర్‌లో ఉంటే, దాని లోపల రాసిన మార్పు ఇక్కడికి రాదు.

ఈ తిప్పలన్నీ ఒక్కచోట కనిపించేది కుబర్నెటిస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ) కాన్ఫిగ్‌మ్యాప్‌లో, అంటే అది ప్రోగ్రామ్‌కు అందించే సెట్టింగుల ఫైళ్లలో. పాడ్‌లో (ప్రోగ్రామ్ నడిచే కంటైనర్ల గుంపు) కాన్ఫిగ్ ఫైలు యాప్.యామల్ ఒక సింబాలిక్ లింకు, అది '..డేటా' గుండా పోతుంది, '..డేటా' కూడా లింకే, తేదీ, సమయం పేరులో ఉన్న ఒక ఫోల్డర్‌కు. అప్‌డేట్ వచ్చినప్పుడు కుబ్‌లెట్ (ప్రతి మెషీన్‌లో పాడ్‌లను చూసుకునే కుబర్నెటిస్ ప్రోగ్రామ్) కొత్త ఫోల్డర్ రాస్తుంది, '..డేటా_టెంప్' అని కొత్త లింకు పెడుతుంది, దాన్ని '..డేటా'గా రీనేమ్ చేస్తుంది, పాత ఫోల్డర్‌ను తీసేస్తుంది. యాప్.యామల్ మీద వాచ్ పెట్టిన ప్రోగ్రామ్‌కు పాత ఫైలు చెరిగినప్పుడు ఒకసారి ఈవెంట్ వస్తుంది, దాంతో వాచ్ కూడా పోతుంది. మళ్లీ వాచ్ పెట్టకపోతే మొదటి మార్పు అందుతుంది, రెండోది అందదు. టెస్టింగ్‌లో ఒక్కసారే మార్చి చూస్తారు కాబట్టి ఈ బగ్ ప్రొడక్షన్ దాకా నిక్షేపంగా వెళ్లిపోతుంది.

అందుకే మౌంట్ ఫోల్డర్ (పాడ్‌లో ఈ ఫైళ్లు కనిపించే ఫోల్డర్) మీద వాచ్ పెట్టండి. అయితే రీనేమ్ వల్ల అక్కడ వచ్చే ఇన్_మూవ్డ్_టూ ఈవెంట్‌లో ఉండే పేరు '..డేటా', యాప్.యామల్ కాదు. ఫైలు పేరుతో ఫిల్టర్ చేసే కోడ్ దాన్ని వదిలేస్తుంది. సబ్‌పాత్‌తో (ఫోల్డర్ మొత్తం కాకుండా ఒక్క ఫైలునే) మౌంట్ చేస్తే మాత్రం ఎంత వాచ్ పెట్టినా లాభం లేదు, అక్కడ ఫైలే మారదు.

మ్యాక్, బీఎస్‌డీలలో ఇదే పని చేసే కేక్యూకు పాత్ కాదు, తెరిచిన ఫైలు డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఇవ్వాలి. కనుక పాత ఫైలుకే అతుక్కుపోయే బెడద అక్కడా ఉంది.

వరస కూడా ముఖ్యం. ముందు వాచ్, తర్వాత చదవడం. తిరగేస్తే ఆ రెంటి మధ్య జరిగిన మార్పు జారిపోతుంది. ఈవెంట్ల క్యూ హద్దు మామూలుగా 16384. అది నిండితే ఇన్_క్యూ_ఓవర్‌ఫ్లో వస్తుంది, ఏ ఫైళ్లు మారాయో అందులో ఉండదు, అన్నీ మళ్లీ చదవాల్సిందే. ఎన్ఎఫ్ఎస్‌లో (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైల్ సిస్టమ్) వేరే మెషీన్ చేసిన మార్పుకు ఐనోటిఫై ఈవెంటే రాదు. అక్కడ కొన్ని సెకన్లకోసారి స్టాట్ (ఫైలు వివరాలు అడిగే కాల్) చేసి ఐనోడ్ నంబరు, మార్పు సమయం, సైజు మూడూ పోల్చండి. ఎల్‌స్టాట్ వాడకండి, అది సింబాలిక్ లింకు వెంట వెళ్లదు, లింకు వివరాలే ఇస్తుంది.