నెల రోజులు బాడీ స్కాన్ చేశాక నా రివ్యూ

నమస్తే అండి. ఇవాళ రివ్యూ చేసేది వస్తువుని కాదు, ఒక అలవాటుని. నెల రోజులుగా పడుకునే ముందు బాడీ స్కాన్ అనే ధ్యానం చేస్తున్నాను. అంతకుముందు లైటు ఆర్పేసినా ఆఫీసు నన్ను వదిలేది కాదు. పగలు ఎవరో అన్న మాట, రేపు ఇవ్వాల్సిన ఫైలు, అన్నీ దిండు దగ్గరికే వచ్చేవి.

చేసేది ఇంతే. వెల్లకిలా పడుకుని, ఎడమ కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి నడినెత్తి దాకా ఒక్కో చోటికీ ధ్యాసని తీసుకెళ్లాలి. అక్కడ వెచ్చగా ఉందా, నొప్పిగా ఉందా, అసలేమీ తెలియట్లేదా, గమనించాలి. శవాసనం వేసేవాళ్లకి మరీ కొత్తగా ఉండదు. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టిన, ఒత్తిడి తగ్గించుకోవడానికి ధ్యానం నేర్పే ఎనిమిది వారాల కోర్సుతో ఇది బాగా వ్యాపించింది. అందులో దీనికి 45 నిమిషాలు. నాకు మోకాళ్ల దాకా వచ్చేసరికే విసుగొచ్చింది, 15కి తగ్గించుకున్నాను.

మొదటి వారం నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. నిద్ర కోసం చేశాను. భుజాల దాకా వచ్చాను, ఇంకా నిద్ర రాలేదేంటి అని లెక్కపెట్టుకుంటూ ఉంటే ఉన్న నిద్ర కూడా పోయేది. ఆ కోర్సులో అసలు మెలకువగా ఉండమనే చెప్తారు. సరే, నిద్ర సంగతి మర్చిపోదాం అనుకున్న రాత్రి నా దవడ దొరికింది! పళ్లు బిగబట్టి ఉన్నాను. ఎన్ని గంటల నుంచో, ఎన్నేళ్ల నుంచో. గమనించగానే దానంతటదే వదులైంది. ఇప్పుడు మధ్యాహ్నం మీటింగులో బిగుసుకున్నా వెంటనే తెలుస్తోంది. ఈ ఒక్కదానికే నేను 10కి 8 ఇస్తాను.

మిగతా రెండూ ఎందుకు ఇవ్వలేదంటే, రేపటి పనుల గురించిన ఆలోచనలు దీనికి లొంగవు. వాటికి కాగితమే మందు. బేలర్ యూనివర్సిటీవాళ్లు 57 మందితో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. చిన్న పరిశోధనే, కానీ నా అనుభవం కూడా అదే. ముందు కాగితం, తర్వాత నాలుగైదు నిదానమైన ఊపిరులు, ఆ తర్వాత స్కాన్. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది కాబట్టి, వదలడం ఎక్కువసేపు ఉండేలా చూసుకోండి.

ఆడియో పెట్టుకుంటే ఫోను పక్కలోకి వస్తుంది, ఆ వెనకాలే మెసేజులూ వస్తాయి. వరస కంఠతా వచ్చాక ఫోను వేరే గదిలో పెట్టేశాను. ఇంకో మాట, గతంలో మనసుకి పెద్ద దెబ్బ తగిలినవాళ్లకి ఒంటి మీద ధ్యాస పెడితే గాభరా కలగొచ్చు. అలా అయితే కళ్లు తెరిచి ఆపేయండి, బలవంతంగా కొనసాగించకండి.

నాకు దవడ. మా అక్కకి భుజాలట. మీకెక్కడో ఈ రాత్రి చూసి, కింద రాయండి.