డిమెన్షియా ఉన్న పెద్దోళ్లని కుర్చీలోంచి లేపడం ఎట్టా? | ఇంట్లోనే చేయించే వ్యాయామాలు

అందరికీ నమస్తే అండీ. ఒంగోలు నుంచి, మా ఇంటి హాల్లోంచే మాట్లాడతన్నా. నేను ఫిజియోథెరపిస్టుని. ఇళ్లకి వెళ్లి చేయిస్తా, ఇటు టంగుటూరు, సింగరాయకొండ దాకా. ఈరోజు పేషెంటు మాత్రం మా నాయనే. 78 ఏళ్లు, డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని తెలిసి నాలుగేళ్లు. మొహం చూపించట్లేదండీ, నడుం నుంచి కిందికే. వీడియో తీస్తన్నామని చెప్తే ఊఁ అంటాడు గానీ, ఆ ఊఁని నేను ఒప్పుకోవడం కింద లెక్కేసుకోలేను కదా. బుజ్జీ, ఫోను ఇంకాస్త దించు. పాదాలు కనపడాల. ఆఁ, చాలు.

ప్రతి ఇంట్లో నన్ను ముందు ఇదే అడుగుతారు. "మేడం, ఇవి చేయిస్తే మతిమరుపు తగ్గిద్దా?" తగ్గదండీ. ముందే చెప్పేస్తా. ఇంగ్లండులో డిమెన్షియా ఉన్న 494 మందితో పెద్ద పరీక్ష చేశారు, 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అందులో కొంతమంది చేత వారానికి రెండుసార్లు, నాలుగు నెలలపాటు సైకిలు తొక్కించారు, బరువులు ఎత్తించారు. నడిచే దమ్ము పెరిగింది. మతిమరుపు ఆగలా. ఇంకోటి, స్నానం, బట్టలు కట్టుకోవడం, ఇట్టాంటి రోజువారీ పనుల్లో కూడా తేడా రాలా. నాకు గుచ్చుకుంది అదీ. అంటే నాయన రాత్రిపూట లేచి బాత్రూముకి పోవాలంటే, సైకిలు తొక్కించి లాభం లేదు, లేవడమే చేయించాల. నా పద్ధతి అంతా ఇదే. ఏ పని కావాలో ఆ పనే వ్యాయామం.

సరే, కుర్చీ. చేతులున్న చెక్క కుర్చీ, వెనక గోడకి ఆనించి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారిద్ది. మోకాళ్ల ఎత్తు ఉండాల, మరీ కిందికుంటే లేవలేరు. కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులు. పంచె ఎగ్గట్టాల, చూడండి, ఇట్టా, లేకపోతే అంచు కాళ్లకి తట్టుకుంటది. బీపీ మందులు వాడే వాళ్లయితే, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి. పైఅంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ఆ రోజుకి ఆపేసి డాక్టరుకి చెప్పండి. గుండె జబ్బు ఉన్నోళ్లు, తుంటి ఆపరేషనైన వాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. టైము, పొద్దున టిఫినైన గంటకి. సాయంత్రం వద్దు. పొద్దు గూకితే మా నాయనకి చిరాకు, "ఇంటికి పోవాల" అంటాడు, ఇంట్లోనే కూర్చుని.

ఇప్పుడు అసలు సంగతి. లేవడం.

ఇక్కడే నేను ఆరు నెలలు పాడు చేసుకున్నా. చదువుకున్నదాన్ని, డిగ్రీ ఉంది, అయినా సొంత నాయన దగ్గర ఏం చేశానంటే, చంకల కింద చేతులు పెట్టి పైకి లాగా. "లెయ్యి నాయనా, లెయ్యి, లెయ్యి." లాగేకొద్దీ ఆయన వెనక్కి వాలతాడు. లాగుతుంటే ఎవరైనా అంతే, భయంతో వెనక్కి బిగుసుకుంటాం. మూడు వారాలు భుజం నొప్పి తెప్పించా. తర్వాత నేను ఎదురుగా నిలబడితే చాలు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాడు.

ఇంకో తెలివి కూడా చూపించాలెండి. ఆయన పొగాకు రైతు. "నాయనా, టంగుటూరు వేలానికి టైమైంది, లెయ్యి" అన్నా. లేచాడు! లేచి, గేటు దాకా పోయి, బేళ్లు యాడ, ట్రాక్టరు యాడ అని మధ్యాహ్నం దాకా గొడవ. అబద్ధం చెప్పి లేపొద్దండీ. లేపడం అయిద్ది, కూర్చోబెట్టడం మన వల్ల కాదు.

ఇప్పుడు చూడండి. మనిషి లేవాలంటే ముందు తల ముందుకి రావాల. ముక్కు కాలివేళ్ల మీదకి వచ్చేదాకా వంగాల. అప్పుడు బరువు పాదాల మీదకి వచ్చిద్ది. మడమలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి. నాయనకి "ముందుకి వంగు" అంటే అర్థం కాదు. వంగితే పడిపోతానని భయం. అందుకని ఎదురుగా ఈ బరువైన చెక్క స్టూలు, దాని మీద ఇత్తడి చెంబు. చెయ్యి చాపితే నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోవాల. అంత కొంచెమే. నేను పక్కన, ఎదురుగా కాదు. ఒక చెయ్యి నడుముకి కట్టిన బెల్టు మీద. లాగడానికి కాదు, పడితే ఆపడానికి.

"నాయనా, ఆ చెంబు అందుకో."

అంతే. ఇంక నోరు మూసుకోవాల. ఒకటి, రెండు, మూడు... నా మొహం చూస్తన్నాడు. ఐదు... చెంబు చూస్తన్నాడు. ఏడు... చెయ్యి కదిలింది, చూశారా? ఇదిగో, నడుం లేస్తంది. ఆఁ! లేచాడు. మాట చెవిన పడి కాళ్లలోకి దిగడానికి ఆయనకి అంత సేపు పడిద్ది. మనం మూడో అంకె దగ్గరే "లెయ్యి, అందుకో, అదిగో, చెంబు, చెంబు" అంటే మళ్లీ మొదటికే. మాట మార్చొద్దు కూడా. "చెంబు" అన్నాక "గ్లాసు" అనొద్దు. పది లెక్కపెట్టినా కదలకపోతే అదే మాట, అదే గొంతుతో ఇంకోసారి. నేను పైకి లెక్కపెట్టింది మీ కోసం, మీరు మనసులో లెక్కపెట్టుకోండి.

కూర్చోడం. పిక్కలకి కుర్చీ తగలాల, చేతులు కుర్చీ చేతుల మీద, నిదానంగా. దబ్బున కూలబడనీయొద్దు. ఐదుసార్లు, కాసేపు ఆగి ఇంకో ఐదు. నేను వారానికి నాలుగు రోజులు చేయిస్తా.

మిగతావి త్వరగా చెప్పేస్తా. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, పది. అక్కడే పక్కకి అడుగులు, ఇటు మూడు, అటు మూడు. కూర్చుని మోకాలు చాపడం. చేతులకి అర లీటరు నీళ్ల సీసాలో ఇసుక పోసి ఇవ్వండి, డంబెల్స్ కొనక్కర్లా. లయకి ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటారు కొందరు. నేను చిటికెలే వేస్తా. యాప్ టిక్కు టిక్కు అంటుంటే మా నాయన ఫోను వైపే చూస్తా ఉంటాడు, కాళ్లు ఆగిపోతాయ్. బెల్టు మాత్రం కొనండి. వెడల్పుది, పట్టుకోడానికి పిడులున్నది. గెయిట్ బెల్ట్ అని అడిగితే ఇస్తారు. తువ్వాలు కట్టి పట్టుకుంటే ముడి జారిద్ది.

నడక. నడిచేటప్పుడు మాట్లాడించొద్దు. "నాయనా, అన్నం తిన్నావా" అంటే చాలు, టక్కున నిలబడిపోతాడు. స్వీడన్‌లో 1997లో 58 మంది పెద్దోళ్లని చూశారు, మాట్లాడిస్తే నడక ఆగిపోయిన వాళ్లు 12 మంది. వాళ్లలో పది మంది ఆరు నెలల్లో పడిపోయారు. మీవాళ్లు అట్టా ఆగుతున్నారంటే జాగ్రత్తపడండి. ఆగిన తర్వాతే మాట.

ఇంకోటి, బుజ్జీ, గడప చూపించు. చీమకుర్తి నల్ల గ్రానైటు. మెరుస్తా ఉంటది, ఎంతో మోజుపడి వేయించాం. నాయన అక్కడికొచ్చి ఆగిపోతాడు, కాలు వెయ్యడు. మొండికేస్తన్నాడని అరిచా కూడా. డిమెన్షియాలో నల్ల పట్టీ గుంటలా కనపడొచ్చు, నునుపు మెరుపు నీళ్లలా కనపడొచ్చు. గుంటలో కాలెవరు పెడతారు? నేల రంగుదే, మెరవని షీటు దాని మీద అంటించాం, నాలుగు పక్కలా టేపు వేసి. అదిగో, చూడండి. మడత లేవకూడదు, రోజూ చూసుకోవాల. ఇప్పుడు దాటతన్నాడు.

ఛాతీలో నొప్పన్నా, కళ్లు తిరిగినా, పెదాలు తెల్లబోయినా... ఆగండాగండి. నాయనా? బాత్రూముకా? లేస్తన్నాడు, స్టూలు మీద చెంబు కూడా లేదు. బుజ్జీ, ఫోను పక్కన పెట్టి ముందు ఆ స్టూలు దారిలోంచి తీయి. బెల్టు నేను పట్టుకుంటా.