అదే స్వస్తిక్, ఎవరి భుజం మీద?

నమస్తే అండీ. వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ ఎప్పటి నుంచో తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. స్వస్తిక్ నిటారుగా ఉంటే మనది, 45 డిగ్రీలు వాలి ఉంటే నాజీలది అని. వినడానికి బాగానే ఉంది. కానీ హిట్లర్‌కి సొంతంగా ఒక జెండా ఉండేది, దాని మీద స్వస్తిక్ నిటారుగానే ఉంటుంది. కోణం కొలిస్తే తేలే వ్యవహారం కాదిది.

ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, చూసేవాడు ఎవడు, అక్కడుంది అసలు సంగతి.

అమెరికా సైన్యంలో 45వ పదాతి డివిజన్ అని ఉండేది. ఓక్లహోమా, అరిజోనా, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల కుర్రాళ్లు. అక్కడి ఆదివాసులకు స్వస్తిక్ పాత గుర్తే. వాళ్ల మీద గౌరవంతో 1920ల్లో దాన్నే బ్యాడ్జిగా పెట్టుకున్నారు. ఎర్రటి చదరంలో పసుపు స్వస్తిక్! పసుపు రాసి కుంకుమతో గీసే మన గడప రంగులే, తారుమారయ్యాయంతే. హిట్లర్ వచ్చాక అది భుజాన వేసుకుని తిరగడం ఇబ్బందైపోయింది. 1939లో దాని బదులు థండర్‌బర్డ్ అనే పురాణ పక్షి బొమ్మ వచ్చింది. 1945 ఏప్రిల్ 29న జర్మనీలో నాజీలు నడిపిన డాకౌ నిర్బంధ శిబిరంలోకి వెళ్లి ఖైదీలను విడిపించిన సైనికుల్లో ఈ డివిజన్ వాళ్లున్నారు. ఆ పాత బ్యాడ్జితోనే గేటు దాటి ఉంటే, లోపల ఉన్నవాళ్ల గుండె ఏమైపోయేదో ఊహించండి.

1940లో అరిజోనాలో నవాహో, హోపీ తదితర తెగల పెద్దలు, ఇకపై దుప్పట్ల మీద, బుట్టల మీద ఈ గుర్తు వేయబోమని సంతకాలే పెట్టారు. తప్పు వాళ్లది కాదు, పోగొట్టుకున్నది మాత్రం వాళ్లే. ఫిన్లాండ్ వైమానిక దళం కూడా అంతే, నాజీల కంటే రెండేళ్ల ముందే, 1918లోనే విమానాల మీద వేసుకుంది. ముందు మాదే అంటే వినేదెవరు?

అలాగని మనం దాచుకోవాల్సిన పనేం లేదు. కాలిఫోర్నియాలో ద్వేష చిహ్నాల మీద 2022లో చట్టం సవరించినప్పుడు, హిందువులు, బౌద్ధులు, జైనులు వాడే స్వస్తిక్‌ని అందులోంచి మినహాయించారు. అక్కడున్న మనవాళ్లు గడప మీద నిక్షేపంగా వేసుకోవచ్చు. పక్కింటివాళ్లు అడిగితే కూర్చోబెట్టి చెప్పొచ్చు. కొత్త కారు బానెట్ మీద వేయించుకున్నదాంతో ఆఫీసు పార్కింగ్‌కి వెళ్లడం మాత్రం వేరు, అక్కడ చెప్పే అవకాశం ఎవరిస్తారు? నేనైతే గుడి దగ్గరే తుడిచేస్తాను. నిమ్మకాయలు తొక్కించాక పూజ అయిపోయినట్టే కదండీ.