అన్ని పనులకూ ఒకే వేటజాతి: ముధోలా, రాజపాళయమా, జర్మన్ పాయింటరా? (స్టూడియో చర్చ పాఠం)

సమన్వయకర్త: ప్రేక్షకులకు నమస్కారం. 2024 అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ జాగిలం, విదేశీ జాతుల కుక్కలతో పోటీపడి, జాడ తీసే విభాగంలో మొదటి స్థానం గెలుచుకుంది. 2025 అక్టోబర్ 31న గుజరాత్‌లోని ఏక్తా నగర్‌లో జరిగిన జాతీయ ఐక్యతా దినోత్సవ కవాతులో ముధోల్, రాంపూర్ జాగిలాలు నడిచాయి. అన్ని పనులూ చేయగల వేటజాతి మన నేల మీదే ఉండగా జర్మన్ జాతులు దేనికన్న వాదం దీనితో మళ్ళీ ముందుకు వచ్చింది. నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను. మొదటి ప్రశ్న ఇది: తమిళనాడులోని రాజపాళయం తెలుగు రాజు కులంవారి ఊరు కదా, ఆ ఊరి పేరున్న కుక్కను మన జాతిగా మనం ఎందుకు చెప్పుకోవడం లేదు?

ముధోల్ పెంపకందారు: రాజపాళయం సంగతి తరువాత చూద్దామండీ. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో, ముధోల్ చుట్టుపక్కల పల్లెల్లో, రైతులు తరతరాలుగా ఈ కుక్కతో కుందేలును పట్టించారు, పొలానికీ ఇంటికీ కాపలా పెట్టుకున్నారు. సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతి పిల్లలను ఐదవ జార్జి చక్రవర్తికి బహూకరించారు. 2016లో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రం వీటిని శిక్షణకు తీసుకుంది. ఇంతకు మించిన బహుముఖ జాతి ఏదో నాకు చెప్పండి.

పశువైద్యుడు: చెబుతాను. ముధోల్, చిప్పిపారై, కన్ని, రాంపూర్ అన్నీ కంటితో చూసి తరిమే జాతులు. లోతైన ఛాతీ, సన్నని నడుము, పొడవాటి కాళ్ళు మైదానంలో పరుగుకే ఏర్పడ్డాయి. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్‌ను, గరుకు బొచ్చుండే మరో జర్మన్ వేటకుక్క డ్రాట్‌హార్‌ను వేరే అవసరం కోసం తీర్చిదిద్దారు. అవి వాసనతో పొదలు గాలించాలి, పిట్ట ఉన్న చోట కదలకుండా నిలిచి చూపాలి, తుపాకీ పేలిన తరువాత నేల మీద నుంచైనా నీటిలో నుంచైనా పిట్టను నోట కరచి తేవాలి, గాయపడిన జంతువు నెత్తుటి జాడ పట్టాలి. డ్రాట్‌హార్ సంఘంలోనైతే తల్లీ తండ్రీ పని పరీక్షల్లో నెగ్గితేనే…

పెంపకందారు: (అడ్డుకుంటూ) రియా గెలిచింది ముక్కుతోనే కదా డాక్టర్ గారూ! జాడ తీసే విభాగం అంటే వాసన విభాగమే కదా!

పశువైద్యుడు: ఒక కుక్క శిక్షణతో సాధించిన విజయాన్ని జాతి మొత్తానికి గుణంగా అంటగట్టలేము. సరిహద్దు భద్రతా దళపు టేకన్‌పూర్ కుక్కల శిక్షణ కేంద్రం పడ్డ శ్రమను కూడా…

పెంపకందారు: ఆ శ్రమ విదేశీ కుక్కల మీదా పడ్డారు. గెలిచింది ముధోల్. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను, గెలిచింది ముధోల్.

సమన్వయకర్త: మేడమ్, మీరు చెప్పండి. విజయనగర కాలంలో ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివెళ్ళారని చెప్పుకునే రాజుల ఇళ్ళలో పెరిగిన కుక్క రాజపాళయం. తెలుగువారు ముందుగా దాన్నే ఎంచుకోవాలంటారా?

కుక్కల శిక్షకురాలు: రాజపాళయం మంచి కాపలా కుక్క, అడవిపంది వేటలో ధైర్యానికి పేరు పొందినది. అయితే తెల్లటి ఒళ్ళు, గులాబి ముక్కు ఉన్న ఈ జాతిలో పుట్టు చెవుడు కనిపిస్తుంది. వినికిడి చూడకుండా పిల్లను కొనవద్దని అడిగినవారందరికీ నేను చెబుతాను. జాతి పేరు కంటే ముందు పని ఏదో తేల్చుకోవాలి. పొలం కాపలాకా, జాడ తీయడానికా, తోడుకా? అపార్ట్‌మెంటులో పాయింటర్‌ను కట్టేసి ఉంచితే అది తలుపులు కొరికేస్తుంది. పల్లెలో ముధోల్‌ను అలవాటు చేయకుండా వదిలితే పక్కింటి కోళ్ళనూ మేకపిల్లలనూ తరుముతుంది.

పెంపకందారు: అది శిక్షణ లోపం, జాతి లోపం కాదు.

శిక్షకురాలు: అయ్యా, తరమడం దాని నెత్తుట్లోనే ఉంది. మీరు ఇందాకటి నుంచి మెచ్చుకుంటున్నది కూడా ఆ గుణాన్నే.

న్యాయవాది: అసలు విషయం ఇక్కడే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. కుక్కను ఉసిగొల్పి అడవి జంతువును తరిమించినా అది వేటే. పొలం గట్టు మీద కుందేలు వెంట కుక్కను వదిలితే నేరమవుతుంది. అలాంటప్పుడు మనం ఏ పని కోసం…

సమన్వయకర్త: ఆ విషయానికి తప్పక వద్దాం, లాయర్ గారూ. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు స్వదేశీ కుక్కల బిళ్ళలు విడుదల చేసినప్పుడు వాటిలో రాజపాళయం ఉంది కదా?

పెంపకందారు: ముధోల్ కూడా ఉంది! రాంపూర్, హిమాలయ గొర్రెల కాపరి కుక్క కూడా ఉన్నాయి. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ముధోల్ పేరు ప్రస్తావించారు. ముధోల్ దగ్గరి తిమ్మాపూర్‌లో ఈ జాతి కోసమే పరిశోధన కేంద్రం ఉంది. జర్మన్ పాయింటర్‌కు మన దేశంలో అలాంటిది ఉందా?

పశువైద్యుడు: తపాలా బిళ్ళకూ పనితనానికీ సంబంధం లేదు. జాతి ఏదైనా సరే, కొనేవారు తల్లీ తండ్రీ పని చేస్తుండగా చూడాలి, మేనరికపు సంపర్కాలు ఎన్ని తరాలుగా సాగాయో అడగాలి. ముధోల్ గిరాకీ పెరిగే కొద్దీ దగ్గరి రక్తాన్ని కలిపి ఈతలు తీసే ప్రమాదం…

పెంపకందారు: మా దగ్గర అలా జరగదు! రైతు దగ్గర పుట్టిన కుక్క ఎండకు తట్టుకుంటుంది, తక్కువ మేతతో బతుకుతుంది, పగలు పరుగెడుతుంది, రాత్రి కాపలా కాస్తుంది. అన్ని పనులూ అంటే ఇవే.

శిక్షకురాలు: నీటిలో దిగి తేవడం మీరు లెక్కలోకి తీసుకోలేదు.

పెంపకందారు: బాతులను వేటాడడమే నేరమని లాయర్ గారు చెబుతారు, ఇక నీటిలో దిగి తేవలసింది ఏముంది మేడమ్? జర్మన్ కుక్క గొప్పతనం అంతా మన దేశంలో నిషేధించిన పనిలోనే ఉంది.

న్యాయవాది: మీ ముధోల్ గొప్పతనమూ అలాంటి పనిలోనే ఉంది. కుందేలును తరమడం గురించి నేను అడిగిన దానికి జవాబు రాలేదు.

సమన్వయకర్త: సమయం అయిపోయింది. ఎండ, మేత, రియా విజయం, ఈ మూడూ బలమైన వాదనలని ఒప్పుకోవాలి. రాజపాళయాన్ని తెలుగువారు సొంతం చేసుకోవాలన్న ప్రశ్న అలాగే మిగిలింది. చివరి మాట పెంపకందారుగారిదే, పది సెకన్లలో ముగించండి.

పెంపకందారు: గెలిచింది ముధోల్. పిల్ల కావలసినవారు బజారులో కొనకుండా ఊరికి వచ్చి తల్లిని చూసి తీసుకువెళ్ళండి.

పశువైద్యుడు: తల్లిని చూడమన్న మాట నాది…

సమన్వయకర్త: క్షమించాలి డాక్టర్ గారూ, ఇక ముగించక తప్పదు. సెలవు.