మనవాడని పిలిచాం: లూయివిల్ కార్డ్స్ 12–52 తర్వాత

(2024 మార్చి 17, ఆదివారం రికార్డు చేసిన సంభాషణ)

బావ: వస్తోందా వాయిస్? సరే. అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం ఒక్కటే, మన లూయివిల్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకి తర్వాతి కోచ్ ఎవరు. రెండేళ్ళలో 12 గెలిచి 52 ఓడాం, కోచ్ కెన్నీ పేన్‌ని తీసేశారు. పేర్లు రాసుకొచ్చాను. మొదటిది...

బామ్మర్ది: ముందు ఎన్‌సీ స్టేట్ సంగతి తేల్చు బావా. నాకు రాత్రంతా నిద్ర లేదు.

బావ: అది మన విషయం కాదురా.

బామ్మర్ది: ఎందుకు కాదు? మంగళవారం మనల్ని 94–85తో ఓడించారు. తర్వాత సిరక్యూస్, డ్యూక్, వర్జీనియా, నిన్న నార్త్ కరొలైనా. ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచి మన లీగు ఏసీసీ కప్పు పట్టుకుపోయారు. పదో సీడు! రెగ్యులర్ సీజన్ చివర వరసగా నాలుగు ఓడి వచ్చినవాళ్ళు. వాళ్ళ దశ తిరగడం మన దగ్గరే మొదలైంది.

బావ: వర్జీనియా మీద వాళ్ళ ఓకానెల్ విసిరిన ఆ మూడు పాయింట్ల షాటు చూశావా? బోర్డుకి తగిలి లోపల పడింది, ఆట ఓవర్‌టైమ్‌కి పోయింది.

బామ్మర్ది: చూశాను. వాళ్ళ బర్న్స్ ఆడుతుంటే ఎంత ముచ్చటగా ఉందో. అంత మనిషి, ఎడం చేత్తో మెల్లగా బంతి లోపలికి వదులుతుంటే... మనకి అలాంటి సంతోషం దక్కి ఎన్నాళ్ళయింది?

బావ: మనం దేశంలోని కాలేజీలన్నిటి పెద్ద టోర్నమెంటు ఆడింది చివరగా 2019లో. మిన్నెసోటా చేతిలో మొదటి ఆటలోనే పోయాం. వాళ్ళ కోచ్ ఎవరు? మన పాత కోచ్ రిక్ పిటినో కొడుకు.

బామ్మర్ది: పిటినో అన్నావు కాబట్టి చెప్తున్నా. ఆ జెండా దింపారు చూడూ...

బావ: మొదలెట్టాడు.

బామ్మర్ది: లేదు, వినాలి. 2013లో అట్లాంటాలో మిషిగన్‌ని 82–76తో ఓడించాం. లోకమంతా చూసింది. 2018లో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఆ టైటిల్ లేదంది, పైనున్న జెండా దింపేశారు. అప్పట్నుంచీ ఈ ప్రోగ్రామ్ నిలబడలేదు.

బావ: జెండా దింపితే డిఫెన్స్ మర్చిపోతార్రా? సరే, పేర్లు. ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి డస్టీ మే, నిరుడు ఫైనల్ ఫోర్ దాకా, అంటే సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. బేలర్‌లో స్కాట్ డ్రూ, 2021లో కప్పు కొట్టాడు, ఆయన్ని కదిలించడం కష్టం. చార్ల్‌స్టన్‌లో ప్యాట్ కెల్సీ, వరసగా రెండేళ్ళు టోర్నమెంటుకి తెచ్చాడు. ముగ్గురూ హెడ్ కోచ్‌లుగా పని చేసి చూపించినవాళ్ళు. నాకు కావలసింది అంతే.

బామ్మర్ది: అదిగో, పేన్‌కి చురక.

బావ: చురక కాదు. బాధ. కెన్నీ పేన్ 1986 కప్పు జట్టులో ఉన్నాడు, అప్పటి కోచ్ డెన్నీ క్రమ్ చేతి కింద ఆడినవాడు. కెంటకీలో పదేళ్ళు అసిస్టెంటు. ఆంథొనీ డేవిస్, టౌన్స్, బామ్ అడెబాయో, అందరూ ఆయన దగ్గర మెరుగులు దిద్దుకున్నవాళ్ళే. పొడుగాటి కుర్రాళ్ళకి ఫుట్‌వర్క్ నేర్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. కానీ హెడ్ కోచ్ కుర్చీలో ఎప్పుడైనా కూర్చున్నాడా? 2022 మార్చిలో ఆయన్ని తెచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎవరడిగారు? మనవాడు వచ్చాడని ఊరు ఊరంతా పొంగిపోయింది.

బామ్మర్ది: నువ్వూ పొంగావు.

బావ: పొంగాను, తప్పేముంది? ప్రేమతోనే పొంగాం. కానీ జీతమిచ్చి తెచ్చేవాళ్ళు ప్రేమ చూసి తేకూడదు. ఆ ప్రశ్న అడగాల్సింది యూనివర్సిటీ.

బామ్మర్ది: ఆయనొచ్చేసరికి ఇల్లు తగలబడి ఉంది బావా. ఆటగాళ్ళని చేర్చుకోవడానికి డబ్బులిచ్చారన్న ఎఫ్‌బీఐ కేసు తాలూకు తీర్పు రాలేదు, శిక్ష ఎంత పడుతుందో తెలియదు. ఆ టైంలో బంతి నడిపే ఏ మంచి గార్డు వస్తాడు? తీర్పొచ్చింది 2022 నవంబర్‌లో. అప్పటికి సీజన్ మొదలవబోతోంది.

బావ: ఒప్పుకుంటా. కానీ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితాలో, వందల మంది ఉన్నారు. బంతి తీసుకెళ్ళడానికి ఒక్క ఎల్ ఎల్లిస్‌ని పెట్టుకుని సీజన్‌లోకి ఎలా దిగుతాం? పాపం ఆ కుర్రాడు! నిండా నలభై నిమిషాలూ అతనే మోయాలి. ఇద్దరు మీద పడితే బంతి ఇవ్వడానికి మనిషి లేడు. మిగతా నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడి చూస్తుంటారు. బుట్టలో వేయడానికి అందించే అసిస్టుల కన్నా బంతి పోగొట్టుకునే టర్నోవర్లే ఎక్కువ.

బామ్మర్ది: మొదటి మూడు ఆటలూ ఒక్కొక్క పాయింటుతో పోయాయి. బెల్లర్మీన్, రైట్ స్టేట్, అపలాచియన్ స్టేట్. ఆ మూడూ గెలిచి ఉంటే కథ వేరేగా ఉండేది.

బావ: అంతకుముందు లెనోయిర్-రైన్ మీద ప్రాక్టీసు ఆట పోయింది కదా, డివిజన్ టూ వాళ్ళ మీద! ఈ సీజన్‌కి ముందు మళ్ళీ అదే, కెంటకీ వెస్లియన్ చేతిలో. ఒకసారి అంటే దురదృష్టం. రెండో ఏడూ అదే అంటే అలవాటు. 4–28, తర్వాత 8–24. అందుకే నేను డిసెంబర్‌లోనే మన హాలు యమ్ సెంటర్‌కి వెళ్ళడం మానేశాను.

బామ్మర్ది: అదే. అది మాత్రం నేను క్షమించను బావా.

బావ: క్షమించేదేముందిరా?

బామ్మర్ది: ఆర్కన్సా స్టేట్ ఆట చూసొచ్చి టికెట్లు నా చేతిలో పెట్టేశావు. పులిహోర మ్యాచ్ రోజు కూడా లేవకుండా కూర్చున్నవాడివి!

బావ: దాన్ని ఇందులోకి లాగకు.

బామ్మర్ది: నువ్వు మానేసింది కోచ్ మీద కోపంతో. నష్టం ఎవరికి? కింద ఆడే పిల్లలకి. ఇరవై రెండు వేల మంది పట్టే చోట బూట్ల కీచుమనే శబ్దం పై వరసకి వినిపిస్తుంటే ఎలా ఉంటుందో తెలుసా? కోచ్ ఎవరిని ఏమని పిలుస్తున్నాడో కూడా వినిపిస్తోంది. ఓ రోజు ఫ్రీ త్రో పోగానే ఒక పిల్లాడు బెంచీ వైపు చూశాడు. అక్కడ ఎవరూ తలెత్తలేదు. వెనకనుంచి ఒకాయన బూ అన్నాడు. చప్పట్లుంటే ఆ బూ వినిపించేది కాదు. నిండిన హాల్లో ఆ పిల్లాడికి అంత అవమానం జరిగేది కాదు.

బావ: ఆ బూ అన్నవాడిని నేనూ సమర్థించను. పంతొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి అనకూడదు, ఎన్ని డబ్బులు తీసుకున్నా అనకూడదు. కానీ ఖాళీ కుర్చీ అనేది బూ కాదు. అది పైన గాజు గదుల్లో కూర్చున్నవాళ్ళకి చెప్పే మాట. వాళ్ళకి ఇంకే మాటా వినపడదు. 8 మిలియన్ డాలర్లు ఇచ్చి మరీ పంపించారంటే దేనివల్ల? టికెట్లు అమ్ముడుపోకే.

బామ్మర్ది: 52 ఓటములవల్ల.

బావ: ఓటములు మొదటి ఏడూ ఉన్నాయి కదా! 28 ఉన్నాయి. అప్పుడు తీశారా? జనం ఓపిక పట్టారు, కుర్చీలు కొంచెం నిండాయి, వాళ్ళూ ఆగారు. జనం రాకపోయేసరికి కళ్ళు తెరిచారు.

బామ్మర్ది: నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. అయినా నా మనసు ఒప్పదు. ఆగస్టులో మన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ స్పీడ్ స్కూల్‌కి వచ్చిన మన పిల్లలున్నారు చూడూ, గుంటూరు నుంచి, హైదరాబాద్ నుంచి. వాళ్ళకి క్రికెట్ తప్ప ఇంకోటి తెలియదు. నేను తీసుకెళ్తే ఏమడిగారో తెలుసా? "అన్నా, ఇది నిజంగా పెద్ద టీమేనా?" అని. ఏం చెప్పను? రెండు కప్పులు పైన కనిపిస్తున్నాయి, 1980, 1986. మూడోది చూపిద్దామంటే...

బావ: జెండా.

బామ్మర్ది: అవును, జెండానే! అక్కడ ఖాళీ చోటు చూపించి మాటల్లో చెప్పాలి. సగం మంది నమ్మలేదు. వాళ్ళకి తెలిసిన లూయివిల్ ఇదే, టైమౌట్ తీసుకుని వచ్చాక కూడా ఎవరు ఎక్కడ నిలబడాలో తెలియని లూయివిల్. నువ్వుంటే క్రమ్ గారి గురించి చెప్పేవాడివి. ముప్పై ఏళ్ళు, 675 గెలుపులు, ఆరు ఫైనల్ ఫోర్లు. నాకు అంత బాగా చెప్పడం రాదు.

బావ: (కాసేపు ఆగి) ఆయన మే నెలలో పోయారు. పోయిన తర్వాత సీజన్ ఇలా గడవడం... కోర్టు మీద ఆయన పేరుంది. ఆ పేరు మీద మన డిఫెన్స్ అలా పరిగెడుతుంటే చూడలేకపోయాను. నిజం అదీ. అవతలివాడు స్క్రీన్ పెట్టి అడ్డం నిలబడగానే మనవాళ్ళిద్దరూ బంతి వెనక పడేవాళ్ళు. రింగు వైపు వెళ్ళేవాడిని పట్టించుకునే నాథుడు ఉండడు. ప్రతి ఆటలో అదే. ఇది కుర్రాళ్ళ తప్పు కాదు, ఎవరో ఒకరు చెప్పాలి కదా వాళ్ళకి. కెంటకీ మన ఇంటికొచ్చి 95–76తో కొట్టి, సగం హాలు వాళ్ళ నీలం రంగుతో ఉంటే...

బామ్మర్ది: ఆ రోజు నేను ఒక్కణ్ణే ఉన్నా మన వరసలో.

బావ: తెలుసు.

బామ్మర్ది: పక్కన కెంటకీ వాళ్ళ కుటుంబం. మంచివాళ్ళు. పాప్‌కార్న్ ఇచ్చారు. జాలిపడ్డారు బావా నా మీద! తిట్టినా బాగుండేది.

బావ: పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేనది నమ్మను. మనవాడైనా పనికొస్తాడు, కానీ ముందు బయట ఎక్కడైనా చిన్న కాలేజీలో నాలుగేళ్ళు చేసి రావాలి. పేన్‌కి ఆ అవకాశం ఇవ్వకుండా నేరుగా ఈ నిప్పుల్లోకి దింపారు. ఆయనకీ అన్యాయమే చేశారు.

బామ్మర్ది: ఈ మాట మొదటే అనొచ్చుగా.

బావ: నువ్వు అననిస్తే కదా. సరే, ఇప్పుడు పోర్టల్ సంగతి. కోచ్ వచ్చేలోగా ఎంతమంది ఉంటారు? నా లెక్కలో ఎవరూ ఉండరు. మొత్తం కొత్త జట్టు కట్టాల్సిందే.

బామ్మర్ది: హంట్లీ-హాట్‌ఫీల్డ్ ఉంటే బాగుండు. టై-లార్ జాన్సన్ కూడా. ఆ పొట్టి కుర్రాడు ఓడిపోతున్నా చివరి నిమిషం దాకా బంతి కోసం నేల మీద పడేవాడు.

బావ: వాళ్ళూ పోతారు. పోవాలి కూడా, వాళ్ళ బతుకు వాళ్ళది. కోచ్ ఎవరో తెలియకుండా ఎవడుంటాడు?

బామ్మర్ది: మరి సీజన్ టికెట్ మళ్ళీ కడుతున్నావా లేదా?

బావ: కోచ్ పేరు చెప్పాక ఆలోచిస్తా.

బామ్మర్ది: ఇప్పుడే కట్టాలి బావా. కొత్తగా వచ్చేవాడికి ముందు చూపించాల్సింది అదే, వెనక జనం ఉన్నారని.

బావ: ముందు వాళ్ళు చూపించాలి.

బామ్మర్ది: ముందు మనం.

బావ: కట్టనురా.

బామ్మర్ది: నీ సీటు కూడా నేనే కడతా.

బావ: కట్టుకో. మీ అక్కని కూడా కూర్చోపెట్టు అందులో.

బామ్మర్ది: అక్క వస్తానంది. అడిగాను.

బావ: ఎప్పుడడిగావు? ... ఏయ్, ఎప్పుడు? ఆపు, రికార్డింగ్ ఆపు, ఇది నేను లోపలికెళ్ళి కనుక్కోవాలి.