అమ్మాయిల ఫుట్‌బాల్‌లో ఆ మూడు మ్యాచ్‌ల వారం

నమస్కారం. అండర్-17 ప్రపంచ కప్‌లో జాతీయ గీతం వినబడుతుండగా పదహారు, పదిహేడేళ్ల అమ్మాయిలు వరుసగా నిలబడినప్పుడు మనలో చాలామంది చూడటం మొదలుపెడతాం. అయితే ఆ వరుసలో ఏ దేశం నిలబడాలన్నది అప్పటికి ఎన్నో నెలల ముందే, ఎక్కడో జరిగిన అర్హత టోర్నీలో, వారం రోజుల వ్యవధిలో తేలిపోయి ఉంటుంది. ఆ వారాన్ని ఎవరు, ఏ నియమాలతో రూపొందించారన్న విషయం అమ్మాయిల ప్రతిభతో సమానంగా ఫలితాన్ని నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. అందుకే ఈరోజు గోల్స్ గురించి కంటే నియమాల గురించే ఎక్కువగా మాట్లాడతాను.

సీనియర్ జట్ల అర్హత పోటీలు సాధారణంగా నెలల తరబడి, సొంత గడ్డ మీద ఒకటి, ప్రత్యర్థి గడ్డ మీద ఒకటి చొప్పున సాగుతాయి. యూరప్, ఆసియాలలో బాలికల అర్హత పోటీలు అలా ఉండవు. మూడు నాలుగు జట్లు ఒకే దేశానికి చేరతాయి, వాటిలో ఒకటి ఆతిథ్య జట్టు అయి ఉంటుంది, ప్రతి జట్టూ మిగతా వాటితో ఒక్కోసారి ఆడి ఇంటికి వెళుతుంది. చదువుకునే పిల్లలను పదేపదే విదేశాలకు తిప్పనవసరం లేదు, ఖర్చూ తగ్గుతుంది కనుక ఈ పద్ధతికి అర్థం ఉంది. కానీ మొదటి మ్యాచ్‌లో అరగంట తడబడిన జట్టుకు దాన్ని సరిదిద్దుకునే సమయం దాదాపు ఉండదు. 2025 ఆగస్టులో యాంగోన్‌లో జరిగిన అండర్-20 ఆసియా కప్ అర్హత పోటీలే ఉదాహరణ. భారత అమ్మాయిలు 6వ తేదీన ఇండోనేషియాతో 0-0తో డ్రా చేసుకున్నారు, 8న తుర్క్‌మెనిస్తాన్‌ను 7-0తో ఓడించారు, 10న ఆతిథ్య మయన్మార్‌పై 1-0తో గెలిచి ఇరవై ఏళ్ల తర్వాత ఆసియా కప్‌లో చోటు సంపాదించారు. ఇదంతా అయిదు రోజుల్లో ముగిసింది.

ఈ టోర్నీలలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచే నియమం ఆఖరి రోజుకు సంబంధించినది. చివరి మ్యాచ్‌లో తలపడిన రెండు జట్లు పాయింట్లలోనూ, గోల్ తేడాలోనూ, చేసిన గోల్స్‌లోనూ సమానంగా ఉండి, ఆ మ్యాచ్ కూడా డ్రాగా ముగిస్తే, ఆ పాయింట్లతో మూడో జట్టేదీ లేనప్పుడు, అక్కడికక్కడే పెనాల్టీ షూటౌట్‌తో స్థానాలను తేలుస్తారు. లీగ్ దశలో షూటౌట్ ఏమిటని కొత్తగా చూసేవారు ఆశ్చర్యపోవచ్చు. లాటరీ తీయడం కంటే, పసుపు కార్డులు లెక్కపెట్టడం కంటే, అమ్మాయిల కాళ్లకే నిర్ణయాన్ని అప్పగించడం ఎంతో న్యాయంగా ఉందని నేను నమ్ముతున్నాను.

యూరప్ సమాఖ్య ఒక అడుగు ముందుకు వేసింది. 2021-22 నుంచి అక్కడి బాలికల అర్హత పోటీలను ఏ, బీ అనే రెండు లీగ్‌లుగా విభజించారు. ‘ఏ’ లీగ్‌లో తమ గ్రూపు అట్టడుగున నిలిచిన జట్లు బీ లీగ్‌కు దిగుతాయి, బీ లీగ్‌లో గ్రూపు విజేతలు పైకి వస్తాయి, రెండో రౌండ్‌లో ‘ఏ’ లీగ్‌లోని ఏడు గ్రూపుల విజేతలు ఆతిథ్య దేశంతో కలిసి ఎనిమిది జట్ల తుది టోర్నీ ఆడతాయి. దీనివల్ల చిన్న దేశపు గోల్‌కీపర్ పది గోల్స్ సమర్పించుకుని కన్నీళ్లతో వెళ్లవలసిన మ్యాచ్‌లు తగ్గి, తమ స్థాయి ప్రత్యర్థులతో గెలుపు కోసం పోరాడే మ్యాచ్‌లు పెరిగాయి. బలమైన జట్టును ఢీకొనే అనుభవం చిన్న జట్లకు పోయిందనే వాదన ఉంది. అయితే పది గోల్స్ తేడా ఉన్న మ్యాచ్‌లో బంతి ఎక్కువసేపు ఒకే సగంలో ఉంటుంది, అక్కడ నేర్చుకునేదీ ఒకే రకంగా ఉంటుంది.

ఆసియాలో మరో పద్ధతి ఉంది. ప్రపంచ కప్‌కు దారితీసే 2026 అండర్-17 ఆసియా కప్‌కు ఆతిథ్య చైనాతో పాటు, 2024లో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన ఉత్తర కొరియా, జపాన్, దక్షిణ కొరియాలకు నేరుగా ప్రవేశం లభించింది. మిగిలిన ఎనిమిది చోట్లకు గ్రూపు విజేతలే అర్హులు. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్ చేతిలో మొదట వెనకబడి, తర్వాత 2-1తో గెలిచిన భారత జట్టు అలా వచ్చినదే. ఆఫ్రికాలో మాత్రం తుది టోర్నీయే ఉండదు, ఇరువైపులా చెరొక మ్యాచ్ ఆడే నాకౌట్‌ల ద్వారా నేరుగా ప్రపంచ కప్‌కు వెళతారు.

ఇక పుట్టిన సంవత్సరం సంగతి. 2008 నుంచి 2024 వరకు అండర్-17 ప్రపంచ కప్‌ను సరి సంవత్సరాల్లో రెండేళ్లకోసారి తలపెట్టారు. అందువల్ల బేసి సంవత్సరంలో పుట్టిన అమ్మాయి పదిహేడో ఏట ఆడగలిగేది, సరి సంవత్సరంలో పుట్టిన అమ్మాయి తనకన్నా ఏడాది పెద్దవారితో పోటీపడి పదహారో ఏటే చోటు సంపాదించవలసి వచ్చేది. 2024 టోర్నీకి 2007 జనవరి 1న పుట్టిన అమ్మాయి అర్హురాలు, దానికి ఒక్కరోజు ముందు పుట్టిన అమ్మాయి కాదు. కోవిడ్ కారణంగా 2020 టోర్నీ రద్దయినప్పుడు, 2019లో థాయ్‌లాండ్‌లో ఆడి అర్హత సాధించిన జపాన్, ఉత్తర కొరియా అమ్మాయిల కష్టం కాగితం మీదే మిగిలిపోయింది. 2022 నాటికి 2003, 2004లలో పుట్టినవారి వయసు దాటిపోయింది. ఆ తరాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

2025లో మొరాకోలో జరిగిన టోర్నీ నుంచి ఈ ప్రపంచ కప్ ఏటా జరుగుతోంది, జట్ల సంఖ్య 16 నుంచి 24కు పెరిగింది, సమోవా మొదటిసారి ఆడింది. పుట్టిన సంవత్సరపు అన్యాయం దీనితో చాలావరకు తొలగింది. కానీ టోర్నీలు పెరిగిన కొద్దీ అర్హత పోటీల క్యాలెండర్ ఇరుకవుతుంది, అక్కడే నా ఆందోళన. యూరప్‌లో మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య సాధారణంగా రెండు రోజుల విశ్రాంతి ఉంటుంది. యాంగోన్‌లో ఒక్కరోజే ఉంది. అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ గాయాల ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువని తెలిసిన తర్వాత కూడా, రోజు విడిచి రోజు ఆడించే షెడ్యూల్‌ను ఆసియా సమాఖ్య కొనసాగించకూడదు. తర్వాతి అర్హత పోటీల తేదీలు వెలువడినప్పుడు, గ్రూపులో ఎవరున్నారో చూసే ముందు, మ్యాచ్‌ల మధ్య ఎన్ని రోజులు ఉన్నాయో నేను మొదట చూస్తాను.