ఆబోతును ఎంచే ముందు గాడిని చూడండి

(మహారాష్ట్రలోని ధర్మాబాద్ తాలూకా పాడి రైతుల సమావేశంలో ఒక పశువైద్యురాలి ప్రసంగ పాఠం)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే ఊళ్లు మనవి. ఆవు కొనేటప్పుడు మాత్రం రెండు భాషల్లోనూ ఒకే ప్రశ్న: పూటకు ఎన్ని లీటర్లు? 22 ఏళ్లుగా వింటున్నాను. ఆ పాలకు ఎంత మేత తింటుందని అడిగినవారు అరుదు. ఆ రెండో ప్రశ్న కోసమే ఈరోజు వచ్చాను.

పోయిన ఏడాది బిలోలి వైపు ఒక అక్క కొట్టంలో రెండు సంకర ఆవుల మేత తూచాం. రెండూ రెండో ఈతవి, ఒకే ఒడ్డూ పొడవూ. ఒకటి గాడి నాకి శుభ్రం చేసేది. రెండోది జొన్న చొప్ప ఆకు తిని, బొటనవేలంత లావు మొదళ్లను పక్కకు నెట్టేది. మొదటిదే మంచి ఆవని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. పాలు కొలిస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. అక్క గాడి వైపు చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ ఎక్కువ తినేదాన్నే ముద్దు చేశానా?" అంది.

ఆ అక్కకు తట్టినదే శాస్త్రంలో ఒక లెక్క. ఆవు బరువుకూ, ఇచ్చే పాలకూ ఎంత మేత సరిపోవాలో అంచనా కట్టి, నిజంగా తిన్నదాంట్లోంచి తీసివేయాలి. సున్నా కంటే తక్కువ వస్తే ఆ ఆవు పొదుపరి. 1963 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఈ గుణం కొంతవరకు తల్లి నుంచి, తండ్రి నుంచి దూడకు వస్తుంది. అందుకే ఆబోతు ఎంపికలో దీనికి చోటుంది. అయితే ఈనిన మొదటి రెండు మూడు నెలల్లో ఈ లెక్క నమ్మకండి. అప్పుడు ఆవు తన ఒంటి కొవ్వు కరిగించుకుని పాలిస్తుంది. కాగితం మీద పొదుపరిలా కనిపిస్తుంది, కొట్టంలో ఎముకలు తేలి, సమయానికి ఎదకు రాదు.

ఇక ఆవు వదిలే మీథేన్ వాయువు సంగతి. నెమరు వేసే ఆవు మెడనే గమనించండి. ముద్ద పైకి వస్తుంది, నములుతుంది, మింగుతుంది, మధ్యలో త్రేనుస్తుంది. కడుపులో మొదటి అరైన పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు పీచును పులియబెడితే హైడ్రోజన్ పుడుతుంది. ఆర్కియా అనే మరో రకం జీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేస్తాయి. అది చాలా వరకు త్రేనుపుతోనే బయటికి పోతుంది. మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం ఇలా గాలిలో కలుస్తుంది. అది మీరు డబ్బు పెట్టి కొన్న చొప్ప, పత్తి గింజల చెక్క. పైగా వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. వాన ముఖం చాటేస్తే ఏమవుతుందో మరాఠ్వాడా రైతుకు నేను చెప్పాలా?

2023 ఏప్రిల్‌లో కెనడా తన హోల్‌స్టీన్ జాతి పశువులకు మీథేన్ జన్యు విలువ, అంటే మీథేన్ విషయంలో దూడకు ఎలాంటి గుణం ఇవ్వగలదో చెప్పే అంకె, ఇవ్వడం మొదలుపెట్టింది. పాల నమూనాపై పరారుణ కాంతి పంపి మీథేన్‌ను అంచనా వేస్తారు, దాన్ని జన్యు పరీక్షతో జత చేస్తారు. గొప్ప పని. కానీ అక్కడి వీర్యం తెచ్చుకుంటే చాలంటే నేను ఒప్పుకోను. న్యూజిలాండ్‌లో తక్కువ మీథేన్ వదిలే గొర్రెలను తరాల తరబడి ఎంచి పెంచితే, వాటి పెద్ద పొట్ట చిన్నదిగా ఉన్నట్టు తేలింది. పచ్చిక మేసే గొర్రెకు అది సరిపోవచ్చు. హోలీ నుంచి మృగశిర కార్తె దాకా ఎండు చొప్ప నమిలే మన ఆవుకు ఆ పొట్టే కదా ఆధారం!

కంధార్ పేరు మోస్తున్న లాల్ కంధారీ, ఉద్గీర్ వైపు దేవణి మన ఎండకు, మోటు మేతకు అలవాటుపడ్డ జాతులు. వాటి పాలు తక్కువ కాబట్టి లీటరుకు లెక్కిస్తే మీథేన్ ఎక్కువే పడుతుంది, ఆ మాట దాచను. కానీ ఒకే జాతిలో ఆవుకూ ఆవుకూ తేడా ఉంటుంది. మన మేత మీద ఆ తేడాను కొలిచి ఆబోతులను ఎంచాలన్నదే నా పట్టుదల. మీథేన్ తగ్గించడానికి మేతలో కలిపే మందు రోజూ కొనాలి. మంచి గుణం ఒకసారి మందలో చేరితే దూడకూ, దూడ దూడకూ పోతుంది.

2024 అక్టోబర్ 5న మన రాష్ట్రంలోని వాశిమ్‌లోనే ఆవులకు గౌచిప్, గేదెలకు మహిష్‌చిప్ విడుదలయ్యాయి. పశువు జన్యువులను చదివే సాధనాలవి. చదివినదానికి అర్థం తెలియాలంటే ఆ పశువు ఎంత తిని ఎన్ని పాలిచ్చిందో ఎవరో ఒకరు రాసి ఉండాలి. రాయగలిగేది మీరే.

చెవికి 12 అంకెల పోగు ఉన్న ఆవులను ఇంటికి రెండు చొప్పున ఎంచుకోండి. నెలకు రెండు రోజులు వేసిన మేత, మర్నాడు మిగిలినది, రెండు పూటల పాలు తూచి రాయండి. తెలుగులో రాసినా, మరాఠీలో రాసినా సరే. పక్క ఆవు మూతి ఆ గాడికి అందకూడదు, అదొక్కటే షరతు. వేలాడదీసే త్రాసులు పది తెచ్చాను. పేరిచ్చిన పది ఇళ్లకు రేపు పాలు పితికే వేళకు నేనే వస్తాను. ఈ రాత్రి వేసిన చొప్పలో మిగిలినదాన్ని పొద్దున్నే ఊడ్చి పారేయకండి.